రెండు తాడిచెట్లూ ఒకటయ్యే చోటు

9 జనవరి 1978

కొత్త డైరీ. పోయిన ఏడాదిది మార్చి ఏడుతో ఆగిపోయింది. జమాల్ చూసి, "ఈసారి ఏప్రిల్ దాకా వెళ్తారులెండి" అంది. జమాలున్నీసాని చేసుకుని ఎనిమిదేళ్ళయింది. ఒక్కసారైనా నన్ను పొగిడిన పాపాన పోలేదు.

మా సర్వే ఆఫీసులో ఈ రోజు జంటతాడిపాలెం మ్యాపు షీటు నా బల్ల మీదికి వచ్చింది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం తీసుకుంటున్న భూముల హద్దు ఆ ఊరి మధ్య నుంచే పోతుందట. మా ఆఫీసరు శ్రీరామ్మూర్తి గారు షీటు పరిచి, "మొహియుద్దీన్, ఈ గీత నీ చేత్తోనే పడాలయ్యా. మిగతావాళ్ళు గీస్తే చీమ పాకినట్టుంటుంది" అన్నారు. పొంగిపోయాను. నిజమే కాబట్టి పొంగిపోవడంలో తప్పులేదు. పర్మనెంటు లిస్టు ఈ వేసవిలో వస్తుందని కూడా అన్నారు. ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు. ఏడేళ్ళుగా టెంపరరీగా ఉన్నవాడికి అలాంటి మాటలు అలవాటే.

ఆ ఊరు నాకు తెలుసని చెప్పలేదు. ఆయన అడగలేదు.

10 జనవరి

పొద్దున్నే బల్ల దగ్గర కూర్చోగానే షీటు మీద సముద్రం కనిపించింది. అంటే, సముద్రం ఉండాల్సిన చోట తెల్లకాగితం. మా మ్యాపులు ఒడ్డుతో అయిపోతాయి. ఆ తెలుపు వంక ఎంతసేపు చూశానో, పెన్నులో ఇంకు ఎండిపోయింది.

మా అబ్బా గులాం మొహమ్మద్ పాతూళ్ళో తెరచాపలు కుట్టేవాడు. జంటతాడిపాలెం తెప్పలన్నిటికీ ఆయన కుట్టిన చాపలే. ఆ ఊరి సూరన్నా ఆయనా ఒకళ్ళనొకళ్ళు బావా అని పిలుచుకునేవారు, అందుకని సూరన్న నాకు మావ. నాకు పదేళ్ళప్పుడు ఒక వేసవి ఉదయం, కొత్త చాప ఎలా కుదిరిందో చూద్దువు రమ్మని అబ్బాని తెప్ప ఎక్కించుకున్నాడు. నన్నూ ఎక్కించుకున్నాడు. అబ్బాకి కడుపులో తిప్పి కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నేను ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఒడ్డున ఒక తాడిచెట్టు. దాని వెనక, ఎర్రమట్టి దిబ్బ మీద ఇంకో తాడిచెట్టు. తెప్ప జరుగుతున్నకొద్దీ ఆ రెండూ మెల్లగా నడుచుకుంటూ ఒకదాని దగ్గరికి ఒకటి వస్తున్నాయి. చివరికి వెనకది ముందుదాని వెనక దాక్కుని రెండూ ఒకటే చెట్టయిపోయాయి. అప్పుడే ఉత్తరాన కొండ ముక్కు పక్కనుంచి ఒక నల్లరాయి తొంగిచూసింది. సూరన్న మావ చాప దించేశాడు.

"ఇక్కడే. కింద రాళ్ళగుట్ట ఉంది, ఎర్ర సేపలుంటాయి. మా తాత మా అయ్యకి సూపించినాడు, మా అయ్య నాకు సూపించినాడు" అన్నాడు. తరవాత నా చెయ్యి సముద్రంలో ముంచి గంగమ్మ మీద ఒట్టు వేయించాడు. ఇలా ఒడ్డు గుర్తులతో సముద్రంలో చోటు పట్టడాన్ని వాళ్ళు గురి అంటారు. ఆ గురి గురించి సముద్రం మీదే మాట్లాడాలి. ఒడ్డు మీద నోటంట రాకూడదు.

ఇరవై నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఒడ్డు మీద కూర్చుని రాస్తున్నాను. చెప్పడం లేదు. రాయడం వేరు.

18 జనవరి

ఊరికి వెళ్ళాం. శ్రీరామ్మూర్తి గారు, నేను, కొలత గొలుసు పట్టే కన్నబాబు. మంచు ఇంకా విడలేదు. ఇళ్ళు నేల మీద కాక నేలకి జానెడు పైన ఉన్నట్టున్నాయి. మాట్లాడేవాళ్ళు కనబడరు, మాటలు మాత్రం వచ్చి చెవిలో పడుతున్నాయి.

మొత్తం నలభై ఒక్క ఇళ్ళు. గీత పడితే పదకొండు లోపల, అంటే ఫ్యాక్టరీ వైపు, ముప్ఫై బయట. పోతమ్మ అనే ఆవిడకి వంటపాక బయట, పడుకునే గది లోపల. ఆవిడ కన్నబాబు చేతిలో గొలుసు పట్టుకుని, "ఏటి బాబూ, నాను ఉప్పు తెచ్చుకోడానికి సరిహద్దు దాటాలేటి? పర్మిసను కాయితం ఇత్తారా?" అంది. అందరూ నవ్వారు. ఆఫీసరు గారు కూడా నవ్వారు. నవ్వాక కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఒడ్డు తాడిచెట్టు బయట. దిబ్బ మీది తాడిచెట్టు లోపల. గీతకి నాలుగు గజాలు.

సూరన్న మావ వల బాగుచేసుకుంటున్నాడు. ముసలివాడైపోయాడు. "మొయిద్దీనూ, మీ అయ్య కుట్టిన సాప ఇంకా ఉందిరా. నాలుగు అతుకులేసినాను" అన్నాడు. అల్లుడు జగ్గయ్య పక్కనే ఉన్నాడు, తక్కువ మాటల మనిషి. కూతురు గంగాలమ్మ మంచినీళ్ళు తెచ్చింది. అయిదో నెలట.

"పిల్లో పిల్లడో పుట్టనీ. అప్పుడు జగ్గయ్యకి సంద్రం మీద ఒక పనుంది" అన్నాడు మావ, నా వంకే చూస్తూ.

నాకు అర్థమైంది. ఆ ఊళ్ళో గురి వారసుడికి చూపించేది వాడికి మొదటి బిడ్డ పుట్టాకే. మావ తన కొడుక్కి తొందరపడి పెళ్ళైన నెలలోనే చూపించాడు. ఆ ఏడే కొడుకు సముద్రంలో పోయాడు. ఇక మావ తొందరపడడు, ఎవరు చెప్పినా పడడు.

అంటే దిబ్బ మీది చెట్టు మే నెల దాకా ఉండాలి. ఉంటుందిలే. గవర్నమెంటు పని ఎప్పుడు టైముకి అయింది కనక.

25 జనవరి

ప్రతి ఊరికీ ఫైల్లో ఒక పేజీ ఉంటుంది: గ్రామ చరిత్ర, జనం, చెట్లు, ప్రత్యేకత. చేతిరాత బాగుంటుందని నాకే ఇచ్చారు. నిన్న వెళ్ళి పోతమ్మ వంటపాకలో కూర్చున్నాను. అది బయట భాగం.

వాళ్ళ ముత్తాతల కాలంలో పెద్ద గాలివానకి ఉత్తరాన ఎక్కడో వాళ్ళ ఊరు కొట్టుకుపోయిందట. మూడు కుటుంబాలు రెండు తెప్పల మీద ఇక్కడికి చేరాయి. అప్పటికి ఒడ్డున ఒక్కటే తాడిచెట్టు. రెండోది ఇద్దరు తోడికోడళ్ళు నాటారు. వేటకెళ్ళిన మొగుళ్ళు మూడు రోజులైనా రాకపోతే, ఊరికే ఏడుస్తూ కూర్చోవడం చేతగాక, దిబ్బ మీద తాటిటెంక పాతారు.

"చెట్టు ఎదిగేదాకా రాలేదా మొగుళ్ళు?" అన్నాను.

"నాలుగోనాడే వచ్చీసినారు. సెట్టుకే ముప్పై ఏళ్ళు పట్టింది" అంది పోతమ్మ.

ఇంకో సంగతి ఆవిడ చెప్పేదాకా నాకు తెలీదు. జపాను బాంబులు పడ్డప్పుడు పాతూళ్ళోంచి మా నాయనమ్మ వాళ్ళు పారిపోయి వచ్చి ఈ ఊళ్ళోనే పన్నెండు రోజులున్నారట. "మీ నాయనమ్మ సేపల పులుసులో పుదీనా ఏసింది. ఇప్పటికీ సెప్పుకుంటాం" అంది. పుదీనా సంగతి పేజీలో పెట్టలేదు. పెట్టాల్సింది.

పేజీ అందంగా వచ్చింది. చెట్ల దగ్గర: "తాడి, రెండు. పోతుతాళ్ళు. ఫలసాయం లేదు." ప్రత్యేకత దగ్గర ఖాళీగా వదిలేశాను.

9 ఫిబ్రవరి

అభ్యంతరాలు చెప్పుకునే రోజు. ఇసకలో షామియానా వేశారు. గాలికి అది నిండి ఊగుతుంటే ఊరంతా ఓడెక్కి ఎక్కడికో పోతున్నట్టనిపించింది.

ఒక్కొక్కళ్ళే లేచి చెప్పారు. పశువులు పోయే దారి. నూతి దగ్గర అరుగు. అమ్మవారి రాయి లోపల పడిందని పోతమ్మ గట్టిగా అడిగితే, శ్రీరామ్మూర్తి గారు నా షీటు తెప్పించి అక్కడికక్కడే పెన్సిల్‌తో గీతని పది గజాలు వంచారు. పది గజాలు. ఆయన మంచివాడు. చెప్తే వింటాడు.

"సూరన్నా, నీకేమీ లేదా?" అని అడిగారు.

మావ ఆయన్ని చూడలేదు. నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. నా పెన్ను కారుతోంది, తుడుచుకున్నాను.

"నాకేటీ లేదు బాబూ" అన్నాడు.

ఆ చూపు నాకు తెలుసు. ఒట్టు గుర్తు చేస్తున్నాడు. నోరు మూసుకోమన్నాడు.

10 ఫిబ్రవరి

ఒట్టు ఒట్టే.

11 ఫిబ్రవరి

నిన్న రాసిందే.

14 ఫిబ్రవరి

శ్రీరామ్మూర్తి గారు ఫైలు మీద సంతకానికి కూర్చుని, ప్రత్యేకత అన్న చోట వేలు పెట్టారు. "ఇదేంటయ్యా ఖాళీ? ఏమైనా ఉందా?"

కిటికీ బయట రేవులో ఏదో ఓడ కూత పెట్టింది. ఆ కూత అయిపోయేదాకా ఆయన ఆగారు. చెప్పడానికి అంత టైముంది.

"లేదు సార్" అన్నాను. ఆయన కళ్ళ ముందే "లేదు" అని రాశాను. ముత్యం లాంటి అక్షరాలు. "పేచీ లేకుండా అయిపోయిన ఊరు ఇదొక్కటే. లిస్టులో నీ పేరు పైనుంటుంది" అన్నారు.

నేను అలా రాసింది ఒట్టు కోసం. ఆయన లిస్టు మాట ఎత్తింది తరవాత. ముందు కాదు.

3 మార్చి

గురి ఏమిటో చెప్పకుండా, ఇలా ఒక మనిషికి ఒట్టు ఉందనీ, సముద్రం మీద తప్ప చెప్పకూడదనీ, ఒక ఆఫీసరుకి చెప్పకపోతే ఇంకొకళ్ళకి నష్టమనీ జమాల్‌తో అన్నాను. ఎవరో తెలిసినవాళ్ళ సంగతి అన్నాను.

ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతోంది. తలెత్తకుండానే, "ఆ ఆఫీసరు గారినే తెప్ప ఎక్కించుకుపోయి చెప్పలేకపోయాడా ఆ మనిషి?" అంది.

నవ్వాను. ఇది నాకెందుకు తట్టలేదు?

తట్టలేదంతే.

12 మార్చి

కల. షీటు మీద నా గీత ఒడ్డు దగ్గర ఆగకుండా తెల్లకాగితంలోకి పోయింది. ఇంకు నీలంగా పరుచుకుంది. నేను స్కేలు పట్టుకుని దాని వెంట నడుస్తున్నాను, నీళ్ళు చీలమండల దాకా కూడా రావడం లేదు. దూరంగా అబ్బా కూర్చుని చాప కుడుతున్నాడు. ఎంత నడిచినా ఆయన సూది కనబడుతుంది కానీ మొహం కనబడదు.

శ్రీరామ్మూర్తి గారికి రేపు చెప్పాలి. ఇంకా టైముంది.

27 మార్చి

చెట్టు కొట్టేశారు. దిబ్బని కూడా చదును చేస్తున్నారు. నేను ఆఫీసులోనే ఉన్నాను, కన్నబాబు వచ్చి చెప్పాడు. పడినప్పుడు పెద్ద చప్పుడేం రాలేదట.

16 ఏప్రిల్

ఆదివారం. మూడు వారాలు ఏవో పనులు పెట్టుకుని, ఈ రోజు వెళ్ళాను.

సూరన్న మావ తెప్ప పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. "నాలుగు మాట్లు ఎల్లినాను. తాడుకి రాయి కట్టి దింపి సూసినాను. ఇసకే తగల్తంది. నా కళ్ళు కూడా మునుపట్లా లేవు" అన్నాడు. ఒడ్డున ఒంటరి తాడిచెట్టు, దాని వెనక ఖాళీ ఆకాశం. పన్ను ఊడిన నోరులా ఉంది.

"నేను ఒట్టు తప్పలేదు మావా" అన్నాను. గర్వంగానే అన్నాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, గర్వంగానే అన్నాను.

"ఏ ఒట్టు?"

చెప్పాను. చెయ్యి నీళ్ళలో ముంచడం, గంగమ్మ, అన్నీ.

మావ ఒళ్ళోని వల కిందికి దించాడు. "పదేళ్ళ గుంటడివి, ఊరంతా వాగుతావని ఏయించినాను. గంగమ్మ ఒట్టు మావోళ్ళకిరా. ఒడ్డు మీద నాను నోరిప్పితే నా ఇంట్లో మనిసిని తీసుకుంటది. కడుపుతో ఉన్న కూతుర్ని పెట్టుకుని నానెలా సెప్తాను? నీకేటి? నువ్వు సాయిబులోడివి, నీ దేవుడు నీకున్నాడు. ఆ దినం అందుకే నీ మొకం సూసినాను. మన మొయిద్దీను ఉన్నాడు, ఆడు సెప్తాడు అనుకున్నాను."

వల మడత పెట్టాడు. "నువ్వు పెన్ను సూసుకున్నావ్."

తిట్టలేదు. తిడితే బాగుండేది. గంగాలమ్మ బరువుగా నడుచుకుంటూ వచ్చి మంచినీళ్ళు ఇచ్చింది. తాగాను.

17 ఏప్రిల్

నువ్వు పెన్ను సూసుకున్నావ్.

22 ఏప్రిల్

ఒట్టు కాదు. లిస్టు.

ఒట్టు ఉందని నమ్మిన మాట నిజం. కానీ ఆ రోజు పెన్ను తుడుచుకుంటున్నప్పుడు నా కళ్ళ ముందున్నది సముద్రం కాదు, టైపు కొట్టిన కాగితం మీద నా పేరు. ఫిబ్రవరి పద్నాలుగున రాసింది అబద్ధం. లిస్టు మాట ఆయన జనవరిలోనే అన్నాడు. మొదటి పేజీలో నేనే రాసుకున్నాను, పట్టించుకోలేదని.

5 మే

జమాల్‌కి అంతా చెప్పాను. ఓదార్చలేదు. జమాల్ ఎందుకు ఓదారుస్తుంది? ఇలా అడిగింది.

"ఆ చెట్టు ఎక్కడుండేదో ఇప్పుడు కనిపెట్టగలరా ఎవరైనా?"

"దిబ్బే లేదు. నేలంతా ఒక్కలా ఉంది" అన్నాను. అంటూనే ఆగాను. "నలభై ఏడో హద్దురాయి నుంచి గీత వెంట పదహారు గజాలు. అక్కడి నుంచి లోపలికి నాలుగు."

"ఎవరు చెప్పారు?"

"మ్యాపులో ఉంది. నేనే గీశాను."

లేచి వెళ్ళి అబ్బా పెట్టె ఈడ్చుకొచ్చింది. అందులో ఆయన చివరి చాప, సగం కుట్టి వదిలేసింది. ముక్కవాసన వేస్తోంది. జమాల్ దాన్ని ఒళ్ళో పరుచుకుని, "ఎంత పొడుగు కావాలి?" అని సూది వెతుక్కుంది. నా పెళ్ళాం కుట్టు అబ్బా కుట్టంత దగ్గరగా పడలేదు. అది నేను అనలేదు. అంత తెలివి నాకుంది.

7 మే

మావకి చెప్పాను. మూడు వెదుళ్ళు ఒకదానికొకటి కట్టి, పైన చాపగుడ్డ కట్టి, సరిగ్గా చెట్టున్న చోట నిలబెడతానని. ఒక్క పొద్దు చాలదా అని.

మావ "ఎంత ఎత్తు?" అని మాత్రం అడిగాడు.

జగ్గయ్య పక్కనుంచి, "ఒకపాలి సూపిత్తే సాలు. ఆపైన నా గురులు నాను ఎతుక్కుంటాను" అన్నాడు. అతని నోటి నుంచి నేను విన్న మొదటి పెద్ద మాట అది.

20 మే

పోతమ్మ చేపల గంపతో మా వీధికి వచ్చింది. నిన్న గంగాలమ్మకి ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు. "శుక్కురోరం పొద్దున్న ఎల్తారంట. నీకు సెప్పమన్నాడు" అని, ఎందుకో అడక్కుండా వెళ్ళిపోయింది. అడగడం ఆ ఊరి అలవాటు కాదు.

26 మే

నలభై ఏడో రాయి సరిచూడాలని ఆఫీసులో కాగితం రాసిచ్చి లోపలికి వెళ్ళాను. కన్నబాబు వెదుళ్ళు మోశాడు. చదునైన ఎర్రనేల, దాని మీద పొద్దుటి పలచని ఆవిరి. గొలుసు పరిచాం. పదహారు గజాలు, నాలుగు గజాలు. నేల మీద ఏ గుర్తూ లేదు. గునపం దింపితే తాటివేరు తగిలింది. తలవెంట్రుకల్లాంటి ఎర్రటి వేళ్ళు. మ్యాపు తప్పలేదు.

వెదుళ్ళు లేపి నాలుగు వైపులా తాళ్ళు బిగించాం. చాపగుడ్డ గాలికి ఒక్కసారి తెరుచుకుంది. నేను కింద వెదురు పట్టుకుని నిలబడ్డాను. పైన గుడ్డ లాగుతుంటే వెదురులోంచి నా చేతుల్లోకి వణుకు దిగుతోంది. ఎదురుగా ఒడ్డు తాడిచెట్టు, దాని అవతల సముద్రం. ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

చాలాసేపటికి దక్షిణం వైపు నుంచి ఒక చాప కనిపించింది. చిన్నది, గోరంత. నాలుగు అతుకులు ఇంత దూరానికి కనబడవు కానీ నాకు కనబడ్డాయి. అది నీళ్ళ మీద ఉన్నట్టు లేదు, కాగితం మీద జరుగుతున్నట్టుంది. తాడిచెట్టు వైపు మెల్లగా, మెల్లగా వచ్చింది. మాను వెనకకి పోయింది.

రెండో వైపు బయటికి రాలేదు. అక్కడే ఆగింది.

కన్నబాబు, "ఏటి సార్, ఏడుస్తన్నారు?" అన్నాడు. దుమ్ము అన్నాను.

ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. జుమ్మా నమాజు పోయింది. ఆ చాప తాడిచెట్టు వెనక నుంచి మళ్ళీ బయటికొచ్చి ఒడ్డుకి తిరిగేదాకా వెదురు వదల్లేదు.

సాయంత్రం జగ్గయ్య మా ఇంటికి వచ్చి, ఒక ఎర్ర చేప గుమ్మంలో పెట్టాడు. "మావ ఏమన్నాడు?" అని అడిగాను.

"ఒడ్డు మీద ఏటీ అన్లేదు" అన్నాడు.

జమాల్ పులుసు పెట్టింది. పుదీనా వేయమన్నాను.

1 జూన్

ఆర్డరు వచ్చింది. పర్మనెంటు. శ్రీరామ్మూర్తి గారు చేతికిచ్చి పైకి చదవమన్నారు. "జంటతాడిపాలెం గ్రామ పత్రాలను ఏ వివరమూ విడవకుండా, ఏ అభ్యంతరమూ మిగలకుండా తయారుచేసినందుకు" అని ఉంది. గొంతు తడబడకుండా చదివాను. అందరికీ మిఠాయి పంచాను. ఇంటికొచ్చి అబ్బా పెట్టెలో, సూది పక్కన పెట్టాను.

ఆ పేజీ ఫైల్లో కుట్టేశారు, ఇక విప్పరు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

జంటతాడిపాలెం. ఇళ్ళు, నలభై ఒకటి. తాడి, రెండు. ఇప్పుడు ఒకటి.

ప్రత్యేకత: ఉంది. మావ చూపుతో అడిగాడు, ఆఫీసరు గారు నోటితో అడిగారు. నేను చెప్పలేదు.